ఆ వేపచెట్టు మీద చెయ్యి వేయించే ముందు ఇది చదువు

రేయ్ మామా,

నువ్వు రాత్రి పంపిన ఫోటోలు చూశా. చెట్టు ఎండిపోయింది, ఇల్లు కట్టే కాంట్రాక్టర్ ఆదివారం మనుషుల్ని తెచ్చి కొట్టేయిస్తా అంటున్నాడు, డబ్బులు పంపనా అని అడిగావు కదా. పంపకు. ముందు అతనికి ఫోన్ చేసి ఆగమని చెప్పు, తర్వాత తీరిగ్గా కూర్చుని ఇది చదువు. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలీదా, అందుకే ఉత్తరం రాస్తున్నా. పొడుగు అవుతుంది, ఓపిక పట్టు.

ముందు అసలు సంగతి. ఆ చెట్టు చావలేదు. నీ ఫోటోలు చూశాక మనసు ఆగక పొద్దున్నే సైనిక్‌పురిలో మీ ఇంటికి వెళ్లి ఆంటీ ఇచ్చిన కాఫీ తాగి చెట్టు దగ్గర అరగంట నిలబడి చూశా. పైన కొసలన్నీ గోధుమ రంగులో మాడినట్టు వేలాడుతున్నాయి, నిజమే, రోడ్డు మీంచి చూస్తే ఎవరైనా పోయిందనే అంటారు. కానీ చేతికి అందే కొమ్మ ఒకటి పట్టుకుని బెరడుని గోటితో గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంది. ఇంకో రెండు కొమ్మల మీదా అలాగే గీకి చూశా, అన్నీ పచ్చివే. మాను మీద, గోడ వైపు, రాగి రంగులో చిన్న చిగుళ్లు కూడా వచ్చాయి, ఫోటో తీశా, పంపిస్తా. చచ్చిన చెట్టు చిగురు వెయ్యదు కదరా.

2021లో గుర్తుందా, తెలంగాణలో ఏ ఊరు వెళ్లినా వేపచెట్లన్నీ మాడిపోయినట్టు కనపడి, ఏదో అరిష్టమని జనం భయపడ్డారు? ఇది అదే తెగులు. డైబ్యాక్ అంటారు, ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, కొమ్మ కొసల్లో మొదలై కిందికి దిగుతూ వస్తుంది. టీ దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీల్చిన చోట ఇంకా తేలిగ్గా పట్టుకుంటుంది. వానలు పడేటప్పుడు ముదురుతుంది, ఎండలు మొదలయ్యేసరికి చాలా చెట్లు వాటంతట అవే తేరుకుంటాయి. 2025లో కూడా మళ్లీ వచ్చింది. బాధేంటంటే, తేరుకునే చెట్లని ఎండిపోయాయనుకుని చాలా చోట్ల కొట్టేశారు. నువ్వు ఉగాది దాకా ఆగు, పచ్చడిలోకి పువ్వు మీ చెట్టుదే కోసుకుంటారు.

ఇక రెండోది, నా స్థలంలో చెట్టు నా ఇష్టం అన్నావే, అది కుదరదు. వాల్టా చట్టం అని ఒకటుంది, నీరు, భూమి, చెట్ల చట్టం, 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, విడిపోయాక రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. బోరు వెయ్యడానికి ఎలాగైతే ఆ చట్టం ఉందో చెట్టు కొట్టడానికీ అదే. సొంత పెరట్లో ఉన్నా సరే అనుమతి లేకుండా కొట్టకూడదు. సుబాబుల్, సరుగుడు, నీలగిరి లాంటి కలప కోసం పెంచే వాటికి మినహాయింపులు ఉన్నాయి, వేపకి ఆ మాట చెబితే ఎవరూ వినరు. చాలామంది అనుకునేది ఏంటంటే బల్దియాకి, అంటే మున్సిపల్ కార్పొరేషన్‌కి, ఒక అర్జీ పెడితే చాలని. చెట్టు కొట్టడానికి అనుమతి ఇచ్చేది అటవీశాఖరా. రోడ్డు మీద చెట్టు పడితే తీసేది, ప్రమాదంగా వేలాడే కొమ్మలు కొట్టేది కార్పొరేషన్ వాళ్లు, అనుమతి మాత్రం జిల్లా అటవీ అధికారి దగ్గర. మీ ఇల్లు మేడ్చల్–మల్కాజిగిరి కిందికి వస్తుంది.

సైదాబాద్ సంగతి చెప్తా విను. 2021 ఫిబ్రవరిలో ఒకాయన ఇల్లు కట్టుకోడానికి అడ్డంగా ఉందని నలభై ఏళ్లు దాటిన వేపచెట్టుని రాత్రికి రాత్రి కొట్టించేశాడు, ఆనవాళ్లు లేకుండా చేద్దామనీ చూశారు. పొద్దున అది చూసిన ఎనిమిదో తరగతి పిల్లాడు అటవీశాఖకి ఫోన్ చేసి చెప్పాడు. వాళ్లు వచ్చి విచారించి 62,075 రూపాయలు జరిమానా వేశారు. అది కూడా వేపే, అది కూడా ఇల్లు కట్టుకోడానికే, అచ్చం నీ కేసే. ఆదివారం అని మీ కాంట్రాక్టర్ ఎందుకు అంటున్నాడో ఇప్పుడైనా అర్థమైందా? ఆఫీసులకి సెలవు. అతనికి రూలు తెలియక కాదు, తెలిసే.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో, తాజ్‌మహల్ చుట్టూ రక్షిత ప్రాంతంగా పెట్టిన దాంట్లో, అనుమతి లేకుండా 454 చెట్లు నరికిన ఆసామికి చెట్టుకి లక్ష రూపాయల చొప్పున కట్టమంది, ఇన్ని చెట్లు నరకడం మనిషిని చంపడం కన్నా దారుణం అని కూడా అంది. ఆ తర్వాత నెల మన కంచ గచ్చిబౌలి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న ఆ భూమిలో చెట్ల మీదికి బుల్డోజర్లు దిగినప్పుడు ప్రభుత్వాన్నే నిలబెట్టి అడిగారు, అనుమతులు తీసుకునే నరికారా అని. ప్రభుత్వానికే తప్పనిది నీకూ నాకూ తప్పుతుందా.

సరే, నిజంగానే కొట్టక తప్పని పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్తా, ఎందుకంటే చెట్టు ఎప్పటికీ కొట్టకూడదని నేను అనను. బోదె లోపల గుల్లయి, ఒకవైపు ఒరిగి, కింద పిల్లలు ఆడుకునే చోట ఉంటే తీసెయ్యాలి. దరఖాస్తు, స్థలం కాగితాలు, ఇంటి ప్లాను, చెట్టు ఫోటోలు ఇస్తే రేంజ్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూస్తాడు. ఏ జాతి, చుట్టుకొలత ఎంత, ఎందుకు తీయాలంటున్నారు, కొమ్మలు కొడితే సరిపోతుందా, వేళ్లతో లేపి వేరే చోట పెట్టొచ్చా, ఇవన్నీ చూసి రాసుకుంటాడు. వేరే చోట నాటడం అనగానే అందరూ తేలిగ్గా తీసుకుంటారు గానీ మర్రి, రావి, మేడి కుటుంబంలోవి బతికినంత బాగా అన్నీ బతకవు, పైగా లేపి పెట్టాక రెండేళ్లు నీళ్లు పోసే మనిషి లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా వృథా. కాబట్టి అది చివరి మాటగా ఉంచుకో.

ఇప్పుడు నా మనసులో అసలు బాధ చెప్తా. చెట్టు కొట్టాలంటే చట్టం ఉంది, మొక్క నాటాలంటే చట్టం ఉంది, మధ్యలో నలభై ఏళ్లు నిలబడ్డ చెట్టుని చూసుకోడానికి మాత్రం ఎవరూ లేరు. 2015లో హరితహారం మొదలైంది, కోట్ల మొక్కలు నాటారు. 2019 మున్సిపల్ చట్టంలో బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలన్నారు, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు ప్రతినిధి, ఆఫీసర్ జవాబు చెప్పాలన్నారు. మరుసటి ఏడాది జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) చట్టానికీ అదే చేర్చారు. నేను మెచ్చుకున్నా, ఇప్పటికీ మెచ్చుకుంటా, మొక్క బతికిందా లేదా అని లెక్క అడగడం చిన్న విషయం కాదు. కానీ వీధిలో పెద్ద చెట్టుకి ఆ లెక్క ఏది? దాని చుట్టూ మాను అంచుదాకా సీసీ పోసేస్తారు. కేబుల్ కోసం తవ్వినవాడు ఒకవైపు వేళ్లు కోసేస్తాడు. వానాకాలం ముందు తీగలకి తగులుతున్నాయని ఇంకోవైపు కొమ్మలన్నీ నరికేస్తారు. ఒకవైపు వేళ్లు లేవు, ఒకవైపు కొమ్మలు లేవు, మేలో ఒక గాలివాన వస్తుంది, పడిపోతుంది. పొద్దున పేపర్లో ఈదురుగాలికి చెట్టు కూలింది అని వస్తుంది. గాలికి కాదురా కూలింది!

మా వీధి చివర తురాయి చెట్టు ఇలాగే పోయింది. పడ్డ తర్వాత వెళ్లి చూస్తే వేళ్లు ఒకవైపు రంపంతో కోసినట్టు సాఫుగా ఉన్నాయి, ఎప్పుడో పైపులైను కోసం తవ్వినప్పుడు కోసినవి, కోసిన చోటంతా నల్లగా కుళ్లిపోయింది. మాను చుట్టూ ఎప్పటిదో ఇనుప ట్రీగార్డు, మొక్కప్పుడు పెట్టి ఎవరూ తియ్యలేదు, చువ్వలు బెరడులోకి దిగిపోయి మాంసంలో ఇరుక్కున్న ఉంగరంలా అయిపోయాయి. మొక్కని కాపాడటానికి పెట్టిందే దాని గొంతు నొక్కింది. అప్పటినుంచి ఎక్కడ ట్రీగార్డు బిగుసుకుని కనపడినా ఆ కాలనీ వాళ్లతో మాట్లాడి తీయిస్తున్నా.

ఈ సిమెంటు విషయంలో మంచి తీర్పు ఒకటుంది. 2013లో ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమంది, మేకులు, బోర్డులు, తీగలు కూడా పీకెయ్యమంది. ఆ మీటరు ఎందుకంటే వేళ్లు మనం అనుకున్నట్టు పాతాళంలోకి పోవు, నీళ్లు గాలి పీల్చుకునే వేళ్లు ఎక్కువ శాతం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, పక్కలకి కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. పైన మూత వేసేస్తే అది నీళ్లెక్కడ తాగాలి?

మీ చెట్టు చూస్తే నాకు అదే అనిపించింది. అంకుల్ ఉన్నప్పుడు దాని చుట్టూ ఎంత పెద్ద పాదు ఉండేదో నీకు గుర్తుందిగా, పెరటి నీళ్లన్నీ అందులోకే వెళ్లేవి. ఇప్పుడు టైల్స్ మాను దాకా వచ్చేశాయి. తెగులు తట్టుకోవాలంటే చెట్టుకి కూడా బలం ఉండాలి కదా. ముందు ఆ టైల్స్ మీటరు మేర తీయించు, గడ్డపారతో లోతుగా తవ్వనివ్వకు, వేళ్లు తెగుతాయి, పైపైన మట్టి గుల్ల చేయించి పాదు చేయించు. ఎండాకాలం వారానికొకసారి పాదు నిండా నీళ్లు పెట్టమను, రోజూ చెంబెడు పోస్తే లాభం లేదు. రాలిన ఆకులు కాల్చొద్దు, పాదులోనే వెయ్యమను, తెగులు పట్టిన పుల్లలు మాత్రం ఏరి బయట పారెయ్యాలి.

ఎండిన కొమ్మలు తీయించడానికి మాత్రం గొడ్డలి వాణ్ణి పిలవకు. గొడ్డలితో కొడితే కొమ్మ బరువుకి మాను మీద బెరడు కిందిదాకా చీలిపోతుంది, ఆ గాయం మానదు. రంపం ఉన్నవాణ్ణి నేను పట్టుకొస్తా. మానుకి అడుగు దూరంలో కొమ్మ కింది నుంచి కొంత కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మని పడేసి, తర్వాత మిగిలిన మోడు తియ్యాలి. అదీ మానుకి అంటుకునేట్టు కాదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా వలయంలా ఉంటుంది చూడు, దాన్ని వదిలేసి కోస్తే చెట్టు తనంతట తానే ఆ గాయాన్ని మూసేసుకుంటుంది. పెయింటూ తారూ పూయక్కర్లేదు. తలంతా ఒకేసారి కొట్టేసి మోడులా వదలడం అన్నిటికంటే చెడ్డది, తర్వాత వచ్చే కొమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, పెద్దవయ్యాక అవే విరిగి పడతాయి. పెద్ద కొమ్మలు ఉన్నాయి కాబట్టి తీయబోయే ముందు అటవీశాఖ వాళ్లకి ఒక కాగితం ఇద్దాం.

ఇంకోటి, కాంట్రాక్టర్‌కి గట్టిగా చెప్పు. అనుమతి రాదని తెలిస్తే చెట్టుకి రంధ్రం పెట్టి యాసిడ్ పోసేవాళ్లు, ఇంగువ కూరేవాళ్లు, మొదట్లో చుట్టూ బెరడు ఒలిచేసేవాళ్లు ఉన్నారు. ఆకులు చేసిన ఆహారం వేళ్లకి దిగేది బెరడు లోపలి పొరలోంచే, చుట్టూ ఒలిస్తే నెమ్మదిగా చస్తుంది, అప్పుడు ఎండిపోయిందని చూపిస్తారు. ఇప్పుడే అన్ని వైపుల నుంచి తేదీతో ఫోటోలు తీసి నీ దగ్గర పెట్టుకో, అతనికి కూడా పంపు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, కారు ఎక్కడ పెట్టాలిరా అని. ప్లాను చూశా. చెట్టు ఉన్నది ఈశాన్యం మూలకి దగ్గర, ఇంజనీర్ పోర్టికో అటు గీశాడు. గేటు పడమర వైపుకి ఐదడుగులు జరిపితే కారూ పడుతుంది, చెట్టూ ఉంటుంది. ఇంకా పునాది తియ్యలేదు కాబట్టి కాగితం మీద గీత మార్చడమే. ఆ చెట్టు లేకపోతే మే నెలలో ముందుగది ఎలా కాలిపోతుందో ఆంటీని అడుగు, ఆవిడ మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటారు, ఇవాళ నాతో రెండుసార్లు అన్నారు, వాడికి చెప్పు నాన్నా కొట్టించొద్దని. నీకు డబ్బు, టైము టెన్షన్ ఉన్నాయని తెలిసి నీతో అనలేకపోతున్నారు.

మహారాష్ట్రలో 1975 నుంచే పట్టణాల చెట్లకి వేరే చట్టం ఉంది, ఐదేళ్లకోసారి చెట్ల లెక్క తీయాలని అందులోనే రాసుంది. హైదరాబాద్‌కి 2021లో చెట్లని బాగా చూసుకునే నగరాలకి ఇచ్చే ట్రీ సిటీ గుర్తింపు వచ్చింది, మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం, ఆ గుర్తింపుకి ఉన్న షరతుల్లో ఒకటి నీ ఊళ్లో ఏ చెట్లున్నాయో నీకు తెలియాలి అన్నదే. కాబట్టి మన కాలనీల వరకైనా ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెడదామని నేనూ మా అసోసియేషన్ సెక్రటరీ అనుకున్నాం: చెట్టు ఎక్కడుంది, ఏది, చుట్టుకొలత, సిమెంటు ఉందా, ట్రీగార్డు ఉందా. మీ వీధిది మీ చెట్టుతోనే మొదలెడతాం, ఛాతీ ఎత్తున టేపు వేసి చూశా, ఏడడుగులు దాటింది.

కాంట్రాక్టర్ నంబరు పంపు, శనివారం నేనే వెళ్లి మాట్లాడతా. గేటు జరపడానికి ఇంజనీర్ ఎంత అడుగుతాడో కూడా కనుక్కుని చెప్తా. నువ్వు బెంగళూరు నుంచి ఎప్పుడు వస్తున్నావో ముందు చెప్పు, రంపం మనిషిని ఆ రోజుకే మాట్లాడతా, నువ్వు కూడా పక్కనుండి చూడాలి.

ఆంటీకి ఫోన్ చెయ్యి, ఈ రాత్రికే.

నీ
మామ