ఆగిన వీడియో కాల్, అందని జవాబు: వైద్య సలహా సంస్థకు ఫిర్యాదు లేఖ

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మా అమ్మగారి వీడియో కన్సల్టేషన్ విషయంలో మీ సంస్థ చూపిన నిర్లక్ష్యం గురించి.

అయ్యా,

మధుమేహం, రక్తపోటు సమీక్ష కోసం మా అమ్మగారు మీ యాప్‌లో తీసుకున్న వీడియో కన్సల్టేషన్ మధ్యలోనే తెగిపోయింది. కాల్ తెగిపోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. సిగ్నల్ ఎవరికైనా పోతుంది. గత రెండు మూడు నెలల చక్కెర స్థాయిని తెలిపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు, ఉదయం, సాయంత్రం ఇంట్లోనే చూసుకుని రాసుకున్న బీపీ అంకెలు ఆవిడ ఒళ్లోనే ఉన్నాయి. డాక్టరు మామూలు ఫోన్ చేసి వాటిని విని, మాత్ర మోతాదు మార్చాలో అక్కర్లేదో చెప్పి ఉంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

మీ చాట్‌లో పలికింది మనిషో యంత్రమో నాకిప్పటికీ తెలియదు గానీ, అసౌకర్యానికి ఎంతగానో చింతించి, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమని సెలవిచ్చారు. వేసుకున్నాక ఓటీపీ గడువు దాటిన తర్వాతే వచ్చింది. హెల్ప్‌లైన్‌లో చాలాసేపు సంగీతం వినిపించాక దొరికిన అమ్మాయి, ఇది బిల్లింగ్ వారు చూడాల్సిన పని అన్నారు. బిల్లింగ్ వారేమో, తమ తెర మీద ఈ కన్సల్టేషన్ ‘పూర్తయింది’ అని కనిపిస్తోంది కాబట్టి ఫిర్యాదు నమోదు చేసే వీలే లేదన్నారు. డాక్టరు మాట సగంలో ఆగిపోయినా, మీ లెక్కలో వైద్యం పూర్తయిందన్నమాట! మరొకరు దయతలచి, 48 గంటల్లో వైద్య విభాగం నుంచి ఫోన్ వస్తుందని హామీ ఇచ్చారు. ఫోన్ రాలేదు, ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న సందేశం మాత్రం ఠంచనుగా వచ్చింది. మళ్లీ అడిగితే కొత్త అపాయింట్‌మెంటు తీసుకోమన్నారు, అదీ వేరే డాక్టరు దగ్గర, జబ్బు చరిత్రంతా మొదటినుంచీ చెప్పుకోవాలన్న షరతుతో. ఆ సంభాషణ చివర మీ ఉద్యోగి, “పెద్దవాళ్లకు యాప్ వాడటం రాదు కదండీ” అని ఒక ఉచిత వ్యాఖ్య కూడా చేశారు. 2020లో కోవిడ్ భయంతో గడప దాటలేని రోజుల నుంచి ఆ యాప్‌ను ఎవరి సాయమూ లేకుండా వాడుతున్నది ఆవిడే. ఇరుగుపొరుగు వారి చేత డౌన్‌లోడ్ చేయించింది కూడా ఆవిడే.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ వెంటనే మీ సర్వే ఒకటి వచ్చింది: ‘మా వీడియో సేవను ఎందుకు తక్కువగా వాడుతున్నారు?’ ఇంటర్నెట్ వేగం, యాప్ అర్థం కాకపోవడం, డాక్టరు మీద నమ్మకం లేకపోవడం వంటి కారణాలన్నీ అందులో ఉన్నాయి. అవేవీ అబద్ధాలు కావు. చెవి సరిగా వినపడనివారు పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు, బొమ్మ ఆగిపోతే ఆ ఆసరా కూడా పోతుంది. కడుపునొప్పి వస్తే చెయ్యి పెట్టి నొక్కి చూసే డాక్టరు కావాలి. ఇంట్లోవాళ్లు పక్కనే తిరుగుతుంటే తెర ముందు నోరు విప్పలేని బాధలూ ఉంటాయి. అయితే ఆ అడ్డంకులన్నీ దాటి వచ్చిన మనిషిని తిరిగి ఆసుపత్రి వరుసలో నిలబెట్టిన కారణం ఒకటుంది, దానికి మీ సర్వేలో గడి లేదు: అడిగితే జవాబిచ్చే నాథుడు లేకపోవడం.

ఇన్నేళ్ల చందాదారుకు దక్కాల్సిన మర్యాద ఏమిటో మీరే తేల్చండి. ఆవిడను ఎరిగిన పాత డాక్టరు చేత ఫోన్ చేయిస్తారో, కట్టిన రుసుము తిరిగిస్తారో, రెండూ చేస్తారో మీ ఇష్టం. ‘పూర్తయింది’ అన్న ఆ తప్పుడు నమోదును మాత్రం ఆవిడ రికార్డు నుంచి తొలగించి తీరాలి. లేదంటే మా కుటుంబంలోని చందాలన్నీ రద్దుచేసుకుని, ఈ వ్యవహారాన్ని వినియోగదారుల న్యాయస్థానం దాకా తీసుకెళ్తాను. ఈ లేఖకు కూడా ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అన్న యాంత్రిక సందేశమే వస్తే, దాన్నే మొదటి సాక్ష్యంగా జతచేస్తాను.

ఇట్లు,
ప్రస్తుతానికి మీ చందాదారు