గురువారం పన్నెండింటికి ఆ గుమ్మం ముందుండు

అమ్మడూ,

నువ్వు పంపిన స్పెయిన్ వాలెన్సియా ప్లాన్ చూశాను. ఎక్సెల్ షీటు, రోజుకో రంగు, గంటకో గడి. మన షాపు లెక్కలు ఆడిటర్ కూడా ఇంత శుభ్రంగా రాయడు. శుక్రవారం రాత్రి దిగడం, సోమవారం సాయంత్రం తిరుగు విమానం, ఆ మధ్యలో పదిహేడు చోట్లు. చదువుతుంటేనే నాకు కాళ్ళు లాగాయి. రెండు ముక్కలు మెసేజ్ పెడదామని కూర్చుంటే అది పెరిగి పెరిగి ఇలా ఉత్తరమైంది. టికెట్లు ఇంకా కొనలేదన్నావు కదా, ఇది పూర్తిగా చదివే దాకా కొనకు.

నేను అడిగేది ఒకటే. శుక్రవారం బదులు బుధవారం రాత్రికి దిగండి. పాత ఊళ్ళో పెద్ద చర్చి ఉంది, దానికి అపొస్తలుల గుమ్మం అని ఒకటుంది, గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి నువ్వు ఆ గుమ్మం ముందు నిలబడి ఉండాలి. మిగతా పదిహేడు చోట్లూ చూస్తావో మానేస్తావో నీ ఇష్టం.

అక్కడ జరిగేది నీళ్ళ పంచాయితీ. నిజంగానే. తురియా నది నుంచి వాలెన్సియా చుట్టుపక్కల పొలాలకి పారే కాలువలు ఎనిమిది. ఒక్కో కాలువకి ఒక్కో పెద్ద, రైతులు ఎన్నుకున్న రైతే, నల్ల అంగీ తొడుక్కుని వచ్చి ఆ గుమ్మం ముందు కుర్చీలో కూర్చుంటాడు. గంట పన్నెండు కొట్టగానే బంట్రోతు లేచి ఒక్కో కాలువ పేరూ పెట్టి పిలుస్తాడు, ఈ కాలువ మీద ఫిర్యాదు పడ్డవాళ్ళు ఎవరున్నారూ అని. వంతు కాని వంతులో నీళ్ళు పెట్టుకున్నా, గట్టు పాడుచేసినా, తన వాటా పూడిక తియ్యకపోయినా అక్కడే తేలిపోవాలి. కాగితం లేదు, అంతా నోటి మాటే. పైకోర్టుకి వెళ్ళడానికి లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది, ఫిర్యాదు పడ్డ రైతు నదికి ఎడమ గట్టు వాడైతే తీర్పు కుడి గట్టు పెద్దలు చెప్తారట, మనవాడే కదా అని మొగ్గకుండా. అరబ్బులు ఏలిన రోజుల నుంచీ ఉందని, వెయ్యేళ్ళ నాటిదని చెప్పుకుంటారు. 2009లో యునెస్కో కూడా గుర్తించింది. చాలా వారాలు అసలు ఫిర్యాదులే ఉండవు, ఎనిమిది పేర్లూ పిలిచేసి అయిదు నిమిషాల్లో లేచిపోతారు. అయిదు నిమిషాల కోసం రెండు రోజులు ముందు దిగాలా అంటావు. దిగాలి.

ఎందుకంటే నేను చూడలేకపోయాను. 2018 ఫిబ్రవరిలో టైల్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు గురువారం మొత్తం హాల్లోనే అయిపోయింది, మోర్బీ నుంచి వచ్చినవాళ్ళతో రేట్లు మాట్లాడుకుంటూ (అంత దూరం స్పెయిన్ వెళ్ళి గుజరాత్ వాళ్ళతో బేరాలు, మీ అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది). శుక్రవారం పొద్దున్నే ఆ గుమ్మం దగ్గరికి వెళ్తే పావురాలు తప్ప ఎవరూ లేరు. పక్కనున్న ముసలాయన చెయ్యి వెనక్కి ఊపి, నిన్న, నిన్న అన్నట్టు సైగ చేశాడు. ఇంటికొచ్చి తాతయ్యకి చెప్తే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మన శివారు పొలం సంగతి నీకు పెద్దగా తెలీదు, నువ్వు పుట్టేసరికే కౌలుకి ఇచ్చేశాం. కాలువ చివర మూడెకరాలు. సార్వాకి ఎలాగో గడిచిపోయేది గానీ దాళ్వాకి వంతులు పెట్టారంటే పైవాళ్ళు తూములు దించేవాళ్ళు కాదు, నీళ్ళు మన దాకా పాకి వచ్చేసరికి మన వంతు అయిపోయేది. తాతయ్య రాత్రిళ్ళు టార్చిలైటూ పారా పట్టుకుని గట్టు మీదే ఉండేవాడు, కాలువ నీళ్ళు చూసే లస్కరుని బతిమాలేవాడు, ఒక్కోసారి చుట్టలు కొనిపెట్టేవాడు. ఒక ఏడాది చేను పొట్ట మీద ఉండగా నీళ్ళందడం లేదని ఆఫీసులో అర్జీ పెడితే జవాబు కోతలయ్యాక వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. అలాంటి మనిషికి, వారం వారం చర్చి గుమ్మం ముందు కూర్చుని నీళ్ళ తగువు అప్పటికప్పుడు తేల్చే రైతులు ఉన్నారని చెప్పి, నేను మాత్రం చూడలేదు నాన్నా అంటే ఎలా ఉంటుంది?

పదకొండున్నరకే వెళ్ళు, టూరిస్టులు ముందు వరస పట్టేస్తారు. ఆ చౌకులోనే ఒక ఫౌంటెన్ ఉంది, మధ్యలో దర్జాగా వాలిపోయి కూర్చున్న గడ్డం పెద్దమనిషే తురియా నది, చుట్టూ కుండల్లోంచి నీళ్ళు వంపుతున్న ఎనిమిది మంది అమ్మాయిలు ఆ ఎనిమిది కాలువలు. అది ముందు చూస్తే తర్వాత జరిగేది ఇంకా బాగా అర్థమవుతుంది. అయిపోయాక ఓపికుంటే పక్కనే మికలెట్ అనే గంటల బురుజు ఎక్కండి, 207 మెట్లు, మెలికల మెట్లు. నేను సగంలో రెండు సార్లు ఆగాను, అది ఫొటోల కోసం అని మీ అమ్మకి చెప్పాను.

ఇక నీ ప్లాన్‌లో తప్పులు. ఆదివారం సెంట్రల్ మార్కెట్ అని రాశావు, ఆదివారం దానికి సెలవు. సోమవారం సెరామిక్స్ మ్యూజియం అని రాశావు, సోమవారం దానికి సెలవు. చూశావా, అన్ని రంగులు వేసి ఏం లాభం. మార్కెట్ శుక్రవారమో శనివారమో పొద్దున్నే పెట్టుకో, మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు. 1928 నాటి కట్టడం, ఇనుమూ గాజూ పింగాణీ పెంకులతో కట్టారు, లోపల నారింజలూ కుంకుమపువ్వూ నత్తలూ ఒకే కప్పు కింద. దానికి ఎదురుగానే లోంజా అని పట్టు వర్తకుల పాత భవనం. అయిదు వందల ఏళ్ళ నాటిది, హాల్లో స్తంభాలు తాళ్ళు మెలిపెట్టినట్టు లేచి కప్పు దగ్గర తాటాకుల్లా విచ్చుకుంటాయి. నీ లిస్టులో ‘ఫొటో, పది నిమిషాలు’ అని ఉంది. తల పైకెత్తి గోడల మీద చుట్టూ లాటిన్‌లో రాసిన బంగారు అక్షరాలు చూడు. మాటలో మోసం లేకుండా, ఇచ్చిన మాట తప్పకుండా, వడ్డీలకి తిప్పకుండా వ్యాపారం చేసినవాడికి ఇక్కడ సంపదా పైన మోక్షమూ అని దాని సారాంశం. మా ఎగ్జిబిషన్ గైడు అర్థం చెప్తుంటే మాలో ఇద్దరు ముగ్గురు కిందికి చూశారు. నేను కూడా కొంచెం చూశాను.

టైల్స్ వ్యాపారి కూతురివి కాబట్టి ఇది భరించక తప్పదు. అసలు మీ విమానం దిగేదే మానిసెస్ అనే ఊళ్ళో, పాత రోజుల్లో బంగారు మెరుపున్న పింగాణీకి యూరప్ అంతా పేరుపడ్డ ఊరు అది. అక్కణ్ణుంచి మెట్రో ఎక్కితే అరగంటలోపు సిటీలో ఉంటారు, టాక్సీ అక్కర్లేదు. షాటివా స్టేషన్‌లో దిగి పైకి రాగానే నార్త్ రైల్వే స్టేషన్ కనిపిస్తుంది. 1917లో తెరిచారు, ముందు గోడ నిండా పింగాణీ నారింజ పండ్లు. లోపల పాత టికెట్ హాల్లో స్తంభాల మీద చిన్న చిన్న ముక్కలతో రకరకాల భాషల్లో శుభప్రయాణం అని పొదిగి ఉంటుంది. నేను ఎవరూ చూడకుండా ఒక అంచు మీద గోటితో తట్టి చూశాను, వందేళ్ళైనా డొల్ల శబ్దం లేదు. మనం వేసిన బాత్‌రూములు పదేళ్ళకే టక్ టక్ అంటాయి.

అదే పోల్చి చూడాలంటే, నువ్వు సగం రోజు కేటాయించిన సిటీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌కి వెళ్ళు. అక్కడ కలత్రావా అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఒపెరా హౌస్ 2005లో తెరిచారు, పైన మొత్తం తెల్ల పెంకు ముక్కలు అతికించారు. 2013 చివర్లో గాలికి ఆ ముక్కలు ఊడి పడ్డాయి, హాలు మూసేసి, పెంకులన్నీ పీకేశారు. ఇనుప రేకు ఎండకి సాగుతుంది, పెంకు సాగదు, ఎంత మంచి జిగురు పెట్టినా ఒక రోజు విడాకులే. ఇది నా అభిప్రాయం, నలభై డిగ్రీల రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళు టైల్స్ అమ్మిన అనుభవంతో చెప్తున్నాను. బయట నుంచి సాయంత్రం పూట ఆ నీళ్ళలో నీడలు చూడటానికి మాత్రం బావుంటుంది. లోపల టికెట్టు కొనాలనుకుంటే అక్వేరియం ఒక్కటి చాలు.

తిండి విషయం. నేను రెండో రోజు రాత్రి తొమ్మిదింటికి చర్చి దగ్గర ఫొటోల మెనూ ఉన్న హోటల్లో పాయేయా ఆర్డరిచ్చాను. పది నిమిషాల్లో తెచ్చిపెట్టారు, అప్పుడే అనుమానం రావాల్సింది. పసుపు రంగు నీళ్ళలో ఉడికించిన అన్నం, పైన రెండు రొయ్యలు. మర్నాడు ఒక డీలరు నవ్వి చెప్పాడు, అది అక్కడ మధ్యాహ్నం వంట, ఇద్దరికి తక్కువ చెయ్యరు, అప్పటికప్పుడు వండాలి కాబట్టి అరగంట పైన పడుతుంది, అంతకన్నా ముందే వచ్చిందంటే లేచి వచ్చెయ్యమన్నాడు. అసలు వాలెన్సియా పాయేయాలో కోడీ కుందేలూ చిక్కుళ్ళూ ఉంటాయి, రొయ్యలు కాదు. కుందేలు వద్దంటే కూరగాయలది అడగండి. వెడల్పాటి పెనం అడుగున కరకరలాడే మాడు పడుతుంది, దానికి సొకరాట్ అని పేరు, దాని కోసం చెంచాలతో కొట్టుకుంటారు. మా చిన్నప్పుడు ఇత్తడి గిన్నె అడుగు కోసం నేనూ మీ బాబాయీ కొట్టుకున్నట్టే. రెండున్నరకి భోజనం, రాత్రి తొమ్మిది దాటాక భోజనం, మధ్యలో వంటగదులు కట్టేస్తారు, బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి.

ఓర్చాటా తాగడం మర్చిపోకు, చల్లటి తెల్లటి పానీయం, పాలు ఉండవు. దేంతో చేస్తారో తెలుసా? తుంగ జాతి గడ్డలతో! మనం కూలీలని పెట్టి పీకించి గట్టు మీద పారేసే తుంగకి దగ్గరి చుట్టం, అక్కడ దాన్ని వరసల్లో నాటి, నీళ్ళు పెట్టి పండిస్తారు. మెట్రో మూడో లైనులో అల్బొరాయా వెళ్తే ఆ పొలాలు కూడా కనిపిస్తాయి. ఇది చెప్పినప్పుడు తాతయ్య నమ్మలేదు, ఫొటో తియ్యి.

అలాగే అల్బుఫేరా. నీ లిస్టులో లేదు, బీచి మాత్రం మూడు సార్లుంది. సెప్టెంబరులో సముద్రం వెచ్చగా ఉంటుంది, సరే, మాల్వారోసాకి ఒక సాయంత్రం చాలు, బ్యాగు ఇసుక మీద వదిలేసి ముగ్గురూ ఒకేసారి నీళ్ళలోకి దిగకండి. దార్లో కబన్యాల్ పేటలో చేపలు పట్టేవాళ్ళ పాత ఇళ్ళు చూడు, ఇంటికో రంగు టైల్స్ ముందు గోడకి. మిగిలిన సాయంత్రం 24 నంబరు బస్సెక్కి పాల్మార్ వెళ్ళండి. మన కొల్లేరు లాంటి సరస్సు, చుట్టూ వరి చేలు, మీరు వెళ్ళే రోజులకి కోతలు నడుస్తుంటాయి. పొద్దుగూకే వేళ పడవ ఎక్కితే, యూరప్‌లో ఉన్నామన్న సంగతి నీకు గుర్తుండదు.

నువ్వు జాగింగ్‌కి రాసుకున్న తురియా పార్కు ఉంది చూడు, అది నది. 1957 అక్టోబరులో వరదొచ్చి ఊరు మునిగితే, ఆ నదినే ఊరికి దక్షిణంగా కొత్త పాయ తవ్వి మళ్ళించేశారు. ఖాళీ అయిన అడుగులో పెద్ద రోడ్డు వెయ్యబోతే జనం ఒప్పుకోలేదు, తోట చేశారు, ఇప్పుడు దాదాపు 9 కిలోమీటర్లు. పాత వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్ళకి బదులు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. 1986 గోదారి వరదలో బడి మేడ మీద మూడు రాత్రులు గడిపినవాణ్ణి, ఆ వంతెన మీద నిలబడితే నాకు ఒళ్ళు జలదరించింది. మొన్న 2024 అక్టోబరు 29న ఆ కొత్త పాయ పాత ఊరిని కాపాడింది గానీ, దానికి అవతలున్న పైపోర్తా లాంటి ఊళ్ళు మునిగిపోయాయి, ఆ ప్రాంతంలో 220 మందికి పైగా పోయారు. ఎండ ఊరే గానీ శరదృతువులో వాన పడితే కుంభవృష్టే. ఫోన్లో హెచ్చరిక మోగితే అది ఏ భాషలో ఉన్నా సరే, పల్లంలో ఉండకండి.

పాస్‌పోర్టూ జర్మనీ రెసిడెన్స్ కార్డూ రెండూ ఒరిజినల్స్ పట్టుకెళ్ళు. అమ్మ గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, చెక్-ఇన్ బ్యాగ్ లేదని నువ్వే చెప్పు, నేను చెప్తే వినదు.

అక్కడ పన్నెండైతే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, షాపులో బేరాలుండని టైము. వీడియో కాల్ చెయ్యి, నేను ఇంట్లో తాతయ్య మంచం దగ్గరే ఉంటాను. నిన్న రాత్రి ఆయనకి చెప్పాను, అమ్మడు వెళ్తోందని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంతా అయ్యాక ఆ పెద్దల్లో ఒకణ్ణి ఆపి అడగమను. వాళ్ళ కాలువ శివారు రైతుకి నీళ్ళు పగలొస్తాయా, రాత్రొస్తాయా?" అన్నాడు.

నాన్న