కూన్ అలా అనలేదు

సంపాదకులకు,

“సైన్సు ఇవాళ ఒకటి చెబుతుంది, రేపు మార్చేస్తుంది, ఇక నమ్మడం ఎందుకు?” అని వాదించేవాళ్లు ఈమధ్య టీవీ చర్చల్లో ఎక్కువయ్యారు. దీనికి కొందరు, సైన్సులో సిద్ధాంతాలు ఎలా మారతాయో రాసిన అమెరికన్ తత్త్వవేత్త థామస్ కూన్‌ను సాక్ష్యం తెచ్చుకోవడమే విడ్డూరం. 1962లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రెవల్యూషన్స్’ని వీళ్లు తెరిచి చూసినట్టు లేదు.

శాస్త్రవేత్తలు పాత సిద్ధాంతాన్ని అంత తేలిగ్గా వదలరనే కూన్ చెప్పింది. బుధగ్రహం సంగతే చూడండి. దాని కక్ష్య న్యూటన్ లెక్కకు పూర్తిగా అందడం లేదని 1859లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెవెరియర్ ప్రకటించాడు. అంతమాత్రాన న్యూటన్‌ను ఎవరూ అటకెక్కించలేదు. సూర్యుడి దగ్గర కంటపడని గ్రహం ఇంకొకటి ఉందేమోనని ఏళ్ల తరబడి వెతికారు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు! 1915లో ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతంతో గానీ ఆ లెక్క తేలలేదు. ఇది పూటకో మాట మార్చడమా?

కూన్ రాతలో అపార్థాలకు చోటుందన్నది నిజమే. సైన్సులో ప్రగతే లేదంటున్నాడని అప్పట్లోనే విమర్శలొచ్చాయి. అందుకే 1970 ముద్రణకు అనుబంధం రాసి, చిక్కుముళ్లు విప్పడంలో తర్వాతి సిద్ధాంతాలే మెరుగనీ, సైన్సు పురోగతిని తాను గట్టిగా నమ్ముతాననీ తేల్చిచెప్పాడు. ఆ కొద్ది పేజీలనైనా తెలుగులో పరిచయం చేస్తూ మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం వేయించగలరు.

– ఒక పాఠకుడు, గుంటూరు