ఇంటికాడ స్క్రాంబ్లర్ సంగతీ, షాపులో మీ బళ్ల సంగతీ

మన బైకు మెకానిక్ షాపు కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చినోళ్లకి వచ్చినట్టు ఒకే కథ చెప్పలేక నోరు పడిపోతంది, అందుకని ఒక్కసారే రాసీస్తన్నాను. మొన్న మావోడు స్టేటస్‌లో పెట్టిన ఫోటో, అదే నేను స్క్రాంబ్లర్‌గా మారుస్తా మా ఇంటి వరండాలో ట్యాంకూ సీటూ లేకుండా నిలబెట్టిన బండి ఫోటో, విజయనగరం అంతా తిరిగీసింది. అప్పట్నుంచి రెండు రకాల మాటలు వినిపిస్తన్నాయి. ఒకటి, "నాక్కూడా ఇలాంటిది చేసిపెట్టన్నా, ఎంతవుతాది" అని. రెండోది నా మొహం మీద ఎవరూ అన్లేదు గానీ టీ బడ్డీ కాడ అన్నది నాకు చేరింది, "మన బళ్లు షాపులో పడుంటన్నాయి, ఆడేమో ఇంటికాడ సొంత బండి చెక్కుకుంటన్నాడు" అని.

రెండోదానికే ముందు చెప్తాను. షాపులో లేటవుతన్న మాట నిజమే. ఇంజన్ పని తెలిసిన పెద్ద కుర్రోడు పెళ్లయ్యాక వైజాగ్ ఆటోనగర్‌కి వెళ్లిపోనాడు, అక్కడ జీతం బాగుంది, వెళ్లొద్దని ఎలగ అంటాం. ఇప్పుడున్న ఇద్దరు గుంటలు సర్వీసింగు, బ్రేక్ షూలు, చైన్ సాకెట్, క్లచ్ ప్లేట్ల వరకు శుభ్రంగా చేస్తారు, ఇంజన్ ఇప్పితే మాత్రం నేనే కూర్చోవాల, బోర్ చేయించాలంటే లేతు కాడికి పంపాల, అక్కడా మనకంటే ముందు వచ్చినోళ్లు ఉంటారు కదా. స్క్రాంబ్లర్ పనంతా షాపు షట్టరు దించాక, రాత్రి భోజనాలయ్యాక, ఆదివారం మధ్యాహ్నాలూ. అనుమానం ఉంటే మా ఆవిడనడగండి, ఆవిడదీ ఇదే కంప్లైంటు, కాకపోతే తిరగేసి, "షాపులో ఉన్నంతసేపూ బళ్లే, ఇంటికొచ్చినా బండేనా" అని.

ఇప్పుడు ఆ బండి గురించి. అది హోండా యూనికార్న్, పాత మోడలు, 149 సీసీ, ఏపీ 30 నంబరు. సోంపేట పక్క మా చుట్టాలది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడ్డప్పుడు కొబ్బరి చెట్టు విరిగి బండి షెడ్డు మీద పడింది, ట్యాంకు నొక్కుకుపోయింది, డూమూ మీటరూ ముక్కలు, హ్యాండిల్ వంగిపోయింది. తోటే పోయిందని ఏడుస్తన్నోళ్లు బండి గురించి ఏటి ఆలోచిస్తారు, అలగే టార్పాలిన్ కప్పి వదిలీసారు. నేను ఒకసారి పెళ్లికెళ్లినప్పుడు కవరెత్తి చూసాను. ఇంజన్ బిగుసుకుపోలేదు, కిక్ రాడ్ కిందకి నొక్కితే కంప్రెషన్ తగుల్తంది. యూనికార్న్ ఇంజన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఆయిల్ టైముకి మార్చినోడికి అది ఇంజన్ ఇప్పే అవసరం ఎప్పుడో గానీ రానివ్వదు. ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చీసాను. ఎలాగూ ముందు సగం కొత్తగా కట్టాలి కదా, పాత షేపులోనే ఎందుకు కట్టాల అనిపించింది, అక్కడ మొదలైంది ఇదంతా.

స్క్రాంబ్లర్ అంటే ఏటి అని అడిగిన పెద్దోళ్లకి చిన్నగా చెప్తాను. 1920ల్లో ఇంగ్లండ్‌లో మామూలు రోడ్డు బళ్లనే కొంచెం మార్చి గుట్టలూ బురదా తుప్పల్లో పందేలు పెట్టుకునేవారు, ఆ పందేలకి స్క్రాంబుల్ అని పేరు, 1924లో సర్రే జిల్లా కాంబర్లీ దగ్గర జరిగినది మొదటిదంటారు. తర్వాత అదే మోటోక్రాస్ అయింది. బండికి చేసే మార్పులు అప్పుడూ ఇప్పుడూ అవే, సైలెన్సర్ పైకి, వెడల్పు హ్యాండిలు, గళ్లు గళ్ల టైర్లు, సమంగా ఉండే సీటు, పైకెత్తిన మడ్‌గార్డు. ఫొటోలో అందరికీ నచ్చింది ఆ పైకి లేచిన పైపే, నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిందీ అదే.

యూనికార్న్ బెండ్ పైపు, అదే ఇంజన్ పొగని సైలెన్సర్‌కి తీసుకెళ్లేది, మామూలుగా ఇంజన్ కిందనుంచి కుడి ఫుట్‌రెస్ట్ పక్కగా వెనక్కి పోతాది. దాన్ని సిలిండర్ పక్కనుంచి పైకి తెచ్చి సీటు కింద నడిపించాల. కుడిపక్కేమో కిక్ రాడ్ ఉంది, కొట్టినప్పుడు కాలు తగలకూడదు, మోకాలు కాలకూడదు, సైడు ప్యానెల్ కరగకూడదు. బజారులో రెడీమేడ్ బెండ్లు దొరుకుతాయి గానీ మనకి కావాల్సిన వంపు దొరకదు, ముక్కలు కోసి అతికిస్తే లోపల వెల్డింగు గడ్డలు లేచి గాలికి అడ్డం పడతాయి. అప్పుడు సాలూరు మావయ్యని పట్టుకున్నాను. సాలూరంటే లారీల ఊరని తెల్సు కదా, ఆయన జీవితమంతా లారీ బాడీ షెడ్లలోనే పనిచేసాడు, ఇప్పుడు చూపు తగ్గి మానీసాడు గానీ చెయ్యి అలగే ఉంది.

ఆయన చేసిన పద్ధతి చూడాల్సిందే. చంపావతి ఇసక తెప్పించి, జల్లించి, ఇనప పెనం మీద వేయించమన్నాడు. ఎందుకు మావయ్యా అంటే, "తడుంటే కాల్చినప్పుడు లోపల ఆవిరి పుట్టి బిరడా ఎగిరొచ్చి నీ మొహానికే తగుల్తాది, అందుకు" అన్నాడు. పైపుకి ఒక పక్క కర్ర బిరడా కొట్టి, ఇసక కొద్దికొద్దిగా పోస్తూ పైపుని చుట్టూరా చిన్న సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు, తట్టిన కొద్దీ ఇసక దిగుతానే ఉంటాది, ఇంక దిగదన్నాక రెండో బిరడా. అప్పుడు గ్యాస్ మంటతో వంచాల్సిన చోట మాత్రమే ఎర్రగా కాల్చి, లారీ రేకు మీద వెల్డు చేసిన రెండు ఇనప మొలల మధ్య పెట్టి నెమ్మదిగా లాగాడు. ఇసక లేకుండా వంచితే లోపలివైపు ముడతలు పడి పైపు చప్పిడైపోతాది, ఇసక ఉంటే గుండ్రం గుండ్రంలాగే వంగుతాది. చూపు సరిగ్గా ఆనదు కదా, చెక్కతో కోసిన అచ్చు పక్కన పెట్టుకుని వేలితో సందు తడుముతూ సరిచూసుకున్నాడు. చల్లారాక బిరడాలు తీసి ఇసక దులిపి, కంప్రెసర్ గాలి కొట్టి, మళ్లీ తట్టి, మళ్లీ గాలి కొట్టి, ఒక్క రేణువు కూడా మిగలకుండా చూసాం, లేకపోతే అదంతా వెళ్లి సైలెన్సర్లో కూర్చుంటాది. కాలు కాలకుండా పైపు మీద రేకు షీల్డు వేసాం, పైపుకి అంటకుండా మధ్యలో చిన్న వాషర్లు పెట్టి గాలి ఆడేలాగ. ఆ షీల్డు మా ఇంట్లో ఒక పాత స్టీలు పళ్లెం, అడక్కుండా తీసాను, ఇది చదివాక మా ఆవిడకి తెలుస్తాది.

సీటూ వైరింగూ పెద్ద పనేం కాదు, మామూలు షాపు పనే. వెనక షాకబ్జర్ కొంచెం పొడుగుది వేస్తే మాత్రం ఒక చిన్న చిక్కు వస్తాది, బండి పైకి లేస్తాది కదా, పాత సైడు స్టాండు పొట్టిదైపోయి బండి మరీ ఒరిగిపోతాది, కాస్త మెత్త నేలయితే పడిపోతాది కూడా. నాలుగు వైపులా బాగుందని ఫొటో పెట్టే కుర్రోళ్లు ఈ స్టాండు గురించి ఎప్పుడూ చెప్పరు.

ఇంక అసలు మాట. స్క్రాంబ్లర్ ఆర్డర్లు నేను తీసుకోవట్లేదు. డబ్బులెక్కువిస్తామన్నా తీసుకోను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది, ఆర్సీలో రాసినదానికీ కంపెనీ ఇచ్చిన లెక్కకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చినప్పుడు ఓనరు అలాగ మారిస్తే ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా లేకపోతే ఆరు నెల్ల వరకు జైలు, లేకపోతే రెండూ అని పెట్టారు. ఒక్కో మార్పుకీ అన్నది గమనించండి, పైపొకటి, హ్యాండిలొకటి, చక్రాలొకటి. జరిమానా కట్టీయొచ్చులే అనే ధైర్యవంతులున్నారు మనూర్లో, సరే, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సోడు బండి చూసి మార్పుల లిస్టు రాసుకుంటే ఎదటోడికి మీరు ఏటి కడతారు? నేను చేసిచ్చిన బండి మీద మీ పిల్లాడు పోలీస్ స్టేషన్ కాడ నిలబడితే నాకు నిద్ర పట్టదు.

మరి నీదో అంటారు, అడగాలి కూడా. నా బండి ఛాసిస్ మీద గ్రైండర్ పెట్టలేదు, అన్నీ బోల్టులతో ఇప్పగలిగినవే. ఊడదీసిన ఒరిజినల్ సామానంతా గోనెసంచిలో కట్టి అటక మీద ఉంది, ఎందుకంటే 15 ఏళ్లకి ఆర్సీ గడువు అయ్యాక రెన్యువల్‌కి బండి చూపించాల. ఇప్పటికి దాన్ని రోడ్డెక్కించట్లేదు, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని గజపతినగరం పక్క మా మావయ్యోళ్ల జీడితోటకి తీసుకెళ్లి అక్కడే తిప్పుకుంటన్నాను. రోడ్డు మీదకి తెచ్చేదుంటే ముందు ఆర్టీఏ ఆఫీసుకెళ్లి ఏది ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకున్నాకే.

అంతగా ఇష్టపడే కుర్రోళ్లకి నా సలహా, కంపెనీలే ఇప్పుడు చేస్తన్నాయి, కొనుక్కోండి. 2022లో రాయల్ ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 411 వచ్చింది, అదే ఏడాది యెజ్డీ స్క్రాంబ్లర్ వచ్చింది, 2023లో ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్ వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో చూస్తే నాకు చూపించండి, ఇంజన్ చూసి చెప్తాను, దానికి డబ్బులొద్దు.

నేను చేసేవి చెప్తాను. సైజు మారకుండా గళ్ల టైర్లు వేస్తాను. సైజు మారిస్తే ఏటవుతాదో లెక్క చెప్తాను, యూనికార్న్ ముందు టైరు 2.75-18, దాని స్థానంలో బుల్లెట్‌కి వచ్చే 90/90-19 వేస్తే చక్రం చుట్టుకొలత 8 శాతం దాకా పెరుగుతాది, ముందు చక్రం నుంచి కేబుల్ తీసుకునే మీటరు 60 చూపిస్తన్నప్పుడు మీరు 65 దగ్గర పోతన్నారన్నమాట. అందుకే నా బండికి కూడా 18 అంగుళాల రిమ్ములే ఉంచాను. ఏబీఎస్, అదే బ్రేకు కొడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే సిస్టం, ఉన్న బళ్లయితే, 2019 ఏప్రిల్ తర్వాత 125 సీసీ దాటినవన్నీ అవే, చక్రం సైజు మాట నా కాడ ఎత్తొద్దు, అది సెన్సార్లతో చక్రాల వేగం చూసుకుని బ్రేకు వదుల్తాది, దాన్ని తికమక పెట్టి ఎవరి ప్రాణం మీదకి తేవాల? సీటు ఫోమ్ కొత్తది వేయిస్తాను, వైరింగు శుభ్రం చేస్తాను.

వెడల్పు హ్యాండిల్ ఆన్‌లైన్‌లో కొని ఎక్కడో వేయించుకున్నోళ్లు మాత్రం ఈ పని ఈరోజే చెయ్యండి. బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, స్టాండు మీదే ఉంచి, హ్యాండిల్ ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పండి. రేస్ దానంతటదే పెరిగిందా, కేబుల్ పొట్టిదైపోయిందని అర్థం. గల్లీలో యూటర్న్ కొట్టినప్పుడు బండి మీ మాట వినకుండా ముందుకి దూకుతాది. క్లచ్ కేబులూ, డిస్క్ బ్రేకు పైపూ కూడా అలగే లాగి పట్టినట్టుందేమో చూడండి. పెరిగితే తీసుకురండి, చాలామందికి పాత హ్యాండిలే మళ్లీ వేసుకోండి అని చెప్తాను, మొహం మాడ్చుకోకండి.

దసరా దగ్గరపడతంది, ఆయుధ పూజకి అందరూ ఒకేసారి సర్వీసింగుకి వస్తారు, నాలుగు రోజులు ముందే ఇచ్చీయండి, ఇంజన్ పనులు మాత్రం పండగయ్యాక పెట్టుకుందాం, ఇప్పుడు తీసుకుని పడీసి మీ చేత మాట పడలేను. ఇప్పటికే ఇంజన్ ఇప్పిన బళ్లు ఎవరెవరివో వాళ్లకి నేనే ఫోన్ చేసి తేదీ చెప్తన్నాను. పైడితల్లమ్మ తొలేళ్లు, సిరిమాను రెండ్రోజులూ షాపు ఉండదు, ఆ మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మామూలుగా తీస్తాం. బండి ఇచ్చినప్పుడు ట్యాంకులో పెట్రోలు ఎంతుందో మీటరు ఫొటో తీసుకుని మరీ ఇవ్వండి, తర్వాత గుంటల మీద పడి అరవడం కంటే అదే సుఖం.