కాయిల్స్‌లో కోర్‌ని నిలబెట్టే పద్ధతి మారుస్తున్నాం: ఆర్డర్ ఇచ్చినవాళ్లు, ఇవ్వబోయేవాళ్లు ఒకసారి చదవండి

మా దగ్గర ఆర్‌ఎఫ్ కాయిల్స్ (రేడియో సర్క్యూట్లలో వాడే తీగ చుట్టలు) తీసుకునేవాళ్లందరికీ. ఈ బ్యాచ్ నుంచి, తిప్పి సరిచేసుకునే ఫెర్రైట్ కోర్ (తీగ చుట్టిన గొట్టం లోపల తిరిగే, అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి కడ్డీ) ఉన్న కాయిల్స్ అన్నింట్లో ఆ కోర్‌ని గొట్టంలో నిలబెట్టే పద్ధతి మారుతోంది. ఇప్పటిదాకా మర మీద మైనం చుక్క వేసి పంపేవాళ్లం. ఇకపై వేయం. ఆసిలేటర్ (రేడియో లోపల ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) కాయిల్స్‌లో కోర్ పక్కన సన్నటి సిలికోన్ రబ్బరు దారం పెడుతున్నాం. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లకు (రిసీవర్‌లో మధ్యంతర ఫ్రీక్వెన్సీ దగ్గర పనిచేసే కాయిల్స్) లోపల మరలు లేకుండా నిలువు గట్లు మాత్రమే ఉన్న గొట్టాలు వాడుతున్నాం. పని నెమ్మదిగా సాగుతోంది కాబట్టి ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. ఆలస్యమైనా ఈ మార్పు ఎందుకు చేస్తున్నామో, దానివల్ల మీ బెంచి మీద ఏం మారుతుందో ఉన్నదున్నట్టు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కోర్ రెండు పనులు చేయాలి. మీరు తిప్పితే మెత్తగా తిరగాలి. తిప్పనప్పుడు అస్సలు కదలకూడదు. వినడానికి చిన్న కోరికే. కానీ ఆసిలేటర్ కాయిల్‌లో అది ఎంత కష్టమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. కోర్ కదిలితే ఇండక్టెన్స్, అంటే కాయిల్ విలువ, మారుతుంది. అది 1 శాతం పెరిగితే ఫ్రీక్వెన్సీ దాదాపు అర శాతం తగ్గుతుంది. 455 కిలోహెర్ట్జ్ ఐఎఫ్‌లో ఆ అర శాతం అంటే 2 కిలోహెర్ట్జ్ పైచిలుకు. ఇప్పుడు 7 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే ఆసిలేటర్ తీసుకోండి. సింగిల్ సైడ్‌బ్యాండ్ (హామ్ రేడియోలో మాటలు పంపే ఒక పద్ధతి) వింటున్నప్పుడు అది 100 హెర్ట్జ్ జరిగినా అవతలి మనిషి గొంతు మారిపోయినట్టు తెలుస్తుంది. ఆ 100 హెర్ట్జ్ జరగడానికి ఇండక్టెన్స్ పది లక్షల్లో 29 వంతులు మారితే చాలు. 6 మిల్లీమీటర్ల కోర్, మర పిచ్ (ఒక చుట్టుకు కోర్ జరిగే దూరం) 0.75 మిల్లీమీటర్లు, ఒక పూర్తి చుట్టుకు ఇండక్టెన్స్ 5 శాతం మారుతుంది అనుకుందాం. అప్పుడు ఆ 29 వంతులకు కోర్ అర మైక్రాన్ కూడా కదలక్కర్లేదు. తల వెంట్రుక మందం అంతకు వంద రెట్లకు పైనే ఉంటుంది.

మరి మరల్లో ఉండే వదులు ఎంత? కొన్ని పదుల మైక్రాన్లు. అది తప్పనిసరి వదులు. ఫెర్రైట్‌ని పొడిగా అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి తయారుచేస్తారు. కాలేటప్పుడు అది బాగా కుంచించుకుపోతుంది, ఆ కుంచింపు ప్రతి ముక్కకీ ఒకేలా ఉండదు. గొట్టం ప్లాస్టిక్, దాని కొలతా అచ్చు నుంచి అచ్చుకు కొంచెం మారుతుంది. ఏ కోర్ అయినా ఏ గొట్టంలోనైనా తిరగాలంటే మధ్యలో ఆ మాత్రం ఖాళీ వదలాల్సిందే. ఆ ఖాళీలో కోర్ అటూ ఇటూ ఊగుతుంది. చాసిస్ మీద వేలితో కొడితే రిసీవర్‌లో టింగుమని మోగడానికి చాలాసార్లు ఇదే కారణం. స్పీకర్ అదే డబ్బాలో ఉంటే ఆ అదురు కోర్‌ని ఊపుతుంది, కోర్ ఆసిలేటర్‌ని ఊపుతుంది, ఆ శబ్దం మళ్లీ స్పీకర్‌లోకే వస్తుంది.

మైనం ఈ ఖాళీని నింపుతుంది, నిజమే. చల్లగా ఉన్నంతసేపు చక్కగా పట్టి ఉంచుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడటం అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది. వాల్వుల (పాత రేడియోల్లో వేడెక్కే గాజు గొట్టాలు) పక్కన ఉన్న కాయిల్, పవర్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్ దగ్గర ఉన్న కాయిల్ ఆ వేడికి సులభంగా చేరుకుంటాయి. పైగా, మైనం గట్టిగా ఉన్నప్పుడు కోర్ తిప్పాలని చూస్తే కోర్ తిరగదు, కోర్ నెత్తిన ఉన్న గాడి విరుగుతుంది. సరిచేసుకోవడానికే పెట్టిన కోర్ సరిచేయబోతే విరిగిపోవడం నాకు సుతరామూ నచ్చని విషయం.

మైనం బదులు వేరే జిగురు వేసి పంపమని కొందరు అడుగుతున్నారు. వేయం. సూపర్‌గ్లూ వేస్తే ఆ కాయిల్ ఇక ఆ ఒక్క విలువకే పరిమితం. కెపాసిటర్ పాతబడి విలువ మారిన రోజున సర్దుకోవడానికి దారి ఉండదు. గోళ్ల రంగులో ఉండే ద్రావకాలు గొట్టం ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ని తినేస్తాయి. గొట్టానికి సన్న పగుళ్లు వస్తాయి, మర అక్కడే కరిగి కోర్‌కి అతుక్కుంటుంది. మెకానిక్‌లు బోల్టులకు వేసే థ్రెడ్‌లాకర్ లోహం తగిలి, గాలి తగలకుండా ఉంటేనే గట్టిపడుతుంది. ఫెర్రైట్‌కీ ప్లాస్టిక్‌కీ మధ్య అది సరిగా గట్టిపడదు సరికదా, కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడుతుంది. టెఫ్లాన్ టేపు వీటన్నింటికన్నా మేలు, ఇంట్లో ఒక కాయిల్ సర్దుకునేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కాకపోతే ఒత్తిడిలో ఉన్న టెఫ్లాన్ మెల్లగా పక్కకు జరిగిపోయే రకం. మాటిమాటికీ తిప్పే కోర్‌కి పట్టు తగ్గిపోతుంది.

రబ్బరు దారం కొత్త సంగతేమీ కాదు. పాత సెట్లు విప్పినవాళ్లు కోర్ పక్కనుంచి ఎండిపోయిన దారపు ముక్క రాలడం చూసే ఉంటారు. అది మామూలు రబ్బరు, గాలికీ వేడికీ గట్టిపడి పొడి అవుతుంది. మేం వాడేది సిలికోన్, వేడికి చాలా ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. కోర్ పొడవు కన్నా కొంచెం ఎక్కువ ముక్క కత్తిరించి, గొట్టం లోపలి గోడకు ఆనేలా నిలువుగా జారవిడుస్తాం. పై కొసను గొట్టం అంచు మీద మడిచి వేలితో పట్టుకుని, కోర్‌ని నెమ్మదిగా ఎక్కిస్తాం. దారం మరలకూ గోడకూ మధ్య నలిగి చదునవుతుంది. అది కోర్‌ని ఎదురు గోడ వైపు ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది, కాబట్టి ఖాళీ అంతా ఒకే పక్కకు చేరి ఊగిసలాట ఆగిపోతుంది. ఎక్కించేటప్పుడు దారం కోర్‌తో పాటు చుట్టుకుపోతే తీసి మళ్లీ మొదలుపెట్టాలి. దారం లావైతే ఇంకో చిక్కు: సన్నటి గొట్టం ఉబ్బి, దాని మీది తీగ చుట్లు జరుగుతాయి, ఇండక్టెన్సే మారిపోతుంది. అందుకే ఒక్కో గొట్టం సైజుకు ఒక్కో మందం దారం వాడాల్సి వస్తోంది. ఇదంతా చేతి పని. ఆలస్యానికి అసలు కారణం ఇదే.

దీనికీ ఇబ్బందులున్నాయి, దాచను. మైనం కోర్ అలవాటైనవాళ్లకు ఇది తిప్పేటప్పుడు బరువుగా అనిపిస్తుంది. రబ్బరుకు సాగే గుణం ఉంది కాబట్టి టూల్ వదిలాక కోర్ వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది. ఆసిలేటర్ సెట్ చేసేటప్పుడు చివరి సర్దుబాటు ఎప్పుడూ ఒకే దిశలో చేయండి, టూల్ బయటికి తీసి కాసేపు ఆగి చూడండి, అప్పుడు ఫ్రీక్వెన్సీ రాసుకోండి. దారం కొస కొద్దిగా బయటికి కనబడుతుంది. దాన్ని కత్తిరించకండి, లాగకండి. ఎన్నేళ్ల తర్వాతైనా కోర్‌ని వదులు చేసి తీయాలంటే ఆ కొసే ఉపయోగపడుతుంది.

ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి వేరు. అక్కడ 100 హెర్ట్జ్ లెక్కలోకి రాదు, పని సులభంగా కావడం ముఖ్యం. గట్లున్న గొట్టంలో కోర్ మొదటిసారి దిగేటప్పుడు ఆ గట్లలో తన మరను తానే కోసుకుంటుంది, కాబట్టి బిగువు దానంతటదే వస్తుంది. ఒక్క జాగ్రత్త. కోర్‌ని పూర్తిగా బయటికి తీసి మళ్లీ పెడితే, పాత మరలోనే పెట్టాలి. కోర్‌ని గొట్టం మూతి మీద ఆనించి ముందు ఎడమకు, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒకచోట కోర్ టక్కుమని కొంచెం కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే పాత దారిలోనే వెళ్తుంది. ఈ టక్కు కోసం ఆగకుండా బిగించుకుంటూ పోతే కొత్త మర అడ్డంగా కోసుకుంటుంది, గట్లు అరిగిపోతాయి, ఇక పట్టు ఉండదు.

వీహెచ్‌ఎఫ్ కాయిల్స్‌లో మార్పేమీ లేదు. వాటిలో ఫెర్రైట్ కోర్ బదులు ఉన్నది ఇత్తడి స్లగ్ (ముక్క), స్ప్రింగ్ క్లిప్పే పట్టుకుంటుంది. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఇత్తడి లోపలికి వెళ్లేకొద్దీ ఇండక్టెన్స్ తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఫెర్రైట్‌కి, ఐరన్ పౌడర్‌కి ఇది పూర్తిగా తిరగబడుతుంది.

మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ‘కాయిల్ పీక్ రావట్లేదు’ అని, అంటే కోర్ తిప్పుతుంటే సిగ్నల్ ఒకచోట గరిష్ఠానికి చేరడం లేదని. కోర్ తీగ చుట్టలోకి ఒక వైపు నుంచి వెళ్తున్నప్పుడు ఇండక్టెన్స్ పెరుగుతూ, సరిగ్గా మధ్యలో గరిష్ఠానికి చేరి, అవతలి వైపు వెళ్తుంటే మళ్లీ తగ్గుతుంది. అంటే సర్క్యూట్ సరిగా ఉంటే మీకు రెండు పీక్‌లు దొరకాలి, మధ్యకు ఇటొకటి, అటొకటి. ఒకే గొట్టంలో రెండు కోర్‌లున్న ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో మామూలుగా బయటి పీక్ దగ్గరే ఆపాలి. లోపలి పీక్ దగ్గర ఆపితే రెండు కోర్‌లు దగ్గరపడి వైండింగ్‌ల మధ్య కప్లింగ్ పెరుగుతుంది, బ్యాండ్ ఆకారం చెడిపోతుంది. ఇక ఒకే ఒక్క పీక్ దొరికి, అది కోర్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే వస్తుంటే దాన్ని నమ్మకండి. అక్కడ రెసొనెన్స్ (కాయిల్, కెపాసిటర్ కావలసిన ఫ్రీక్వెన్సీకి కుదిరే స్థితి) ఇంకా అందలేదు, కోర్ ఇవ్వగలిగిన ఇండక్టెన్స్ అయిపోయింది, అంతే. కెపాసిటర్ కొంచెం పెంచాలి. కోర్ పూర్తిగా బయటికి వచ్చేసినా సిగ్నల్ పెరుగుతూనే ఉంటే దానికి వ్యతిరేకం, కెపాసిటర్ తగ్గించాలి. కాయిల్‌ని మాకు వాపసు పంపే ముందు ఈ రెండూ చూడండి. టెన్షన్ పడాల్సిన పని చాలాసార్లు ఉండదు.

మేం పంపేటప్పుడు కోర్ ఉన్న చోటే ఉంచి పని కానిద్దామని కూడా అనుకోకండి. మేం కొలిచేది కాయిల్ ఒక్కదాన్నే. మీ బోర్డు మీద ట్రాక్‌ల కెపాసిటెన్స్, షీల్డ్ డబ్బా, పక్క భాగాలు అన్నీ కలుస్తాయి. షీల్డ్ డబ్బా పెట్టడంతోనే ఇండక్టెన్స్ కొంత తగ్గుతుంది. చివరి సర్దుబాటు ఎప్పుడూ సర్క్యూట్‌లోనే, డబ్బా పెట్టాకే. కుదిరినంతవరకు కాయిల్‌ని ఎర్త్ వైపు కొస నుంచి కోర్ తిప్పేలా బోర్డులో పెట్టుకోండి. సిగ్నల్ వైపు కొస నుంచి తిప్పితే చేతి కెపాసిటెన్స్ కలుస్తుంది, చెయ్యి తీయగానే ట్యూనింగ్ జరిగిపోతుంది.

టూల్ విషయంలో మాత్రం గట్టిగానే చెబుతున్నాను. ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టకండి. అది దగ్గరికి రాగానే కాయిల్ విలువ మారుతుంది, మీరు సెట్ చేసేది కాయిల్‌నీ స్క్రూడ్రైవర్‌నీ కలిపి. అంతకన్నా ముఖ్యం, ఫెర్రైట్ నొక్కుడుకు ఓర్చుకుంటుంది కానీ చీల్చే బలానికి ఓర్చుకోదు. గాడి కన్నా సన్నటి బ్లేడు పెట్టి తిప్పితే అది మేకులా పనిచేసి కోర్‌ని రెండుగా చీలుస్తుంది. అందుకే వీలైన సైజులన్నింట్లో ఆరు పలకల రంధ్రం ఉన్న కోర్‌లకు మారుతున్నాం. బలం ఆరు మూలలకు పంచుకుంటుంది. రంధ్రం ఆసాంతం ఉంటుంది కాబట్టి సన్న కాడ ఉన్న ప్లాస్టిక్ టూల్‌ని పై కోర్ గుండా దించి కింది కోర్‌ని విడిగా తిప్పుకోవచ్చు.

మా పాత మైనం కాయిల్స్ మీ దగ్గరుంటే వాటిని మార్చాల్సిన అవసరం లేదు. కోర్ కదలకపోతే బలం చేయకండి, హెయిర్ డ్రయర్‌తో దూరం నుంచి కొద్దికొద్దిగా వేడి చేయండి. మైనం మెత్తబడ్డాక సులభంగా తిరుగుతుంది. సోల్డరింగ్ హాట్ ఎయిర్ గన్ మాత్రం వద్దు, పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గరే వంగిపోతుంది. ఇదే కారణంతో, కొత్త కాయిల్స్ పిన్‌లకు సోల్డర్ చేసేటప్పుడు ఐరన్‌ని ఎక్కువసేపు ఆనించి ఉంచకండి. పిన్ వేడికి కదిలితే సన్న తీగ తెగుతుంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ల ఆర్డర్లు వచ్చిన వరుసలోనే వెళ్తాయి. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్లు ముందు సిద్ధమవుతాయి, ఆసిలేటర్ కాయిల్స్ వెనక. రెండూ కలిపి ఆర్డర్ చేసినవాళ్లు సిద్ధమైనవి ముందు పంపమంటే విడిగా పంపిస్తాం. ఆగలేనివాళ్లు చెప్తే ఆర్డర్ రద్దు చేసి మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. కొత్త ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు సంగతులు రాయండి: ఏ ఫ్రీక్వెన్సీలో వాడతారు, దానికి పక్కన ఎంత కెపాసిటర్ పెడతారు, కోర్ పైనుంచి తిప్పుతారా కింది నుంచా. మూడోది చాలామంది రాయరు. దాన్ని బట్టే దారం ఏ కొస నుంచి పెట్టాలో, తీగ చుట్టను గొట్టం మీద ఎంత ఎత్తులో మొదలుపెట్టాలో చూసుకుంటాం.