డిసెంబర్ 1 నుంచి మన టిఫిన్ సెంటర్ వెనక వీధిలో

అందరికీ నమస్కారం. విశాఖ మధురవాడ మెయిన్ రోడ్డు మీద ఇన్నాళ్ళూ మీరు చూసిన మన టిఫిన్ సెంటర్ 2025 డిసెంబర్ 1, సోమవారం నుంచి అక్కడ ఉండదు. మూసేయడం లేదు, వెనక వీధిలోకి మారుతున్నాం. రేట్లు కూడా కొన్ని పెరుగుతున్నాయి. ఒక బోర్డు రాసి తగిలించేస్తే సరిపోయేది గానీ, రోజూ మా చేతి తిండి తినేవాళ్ళకు అసలు సంగతి తెలియాలి అనిపించింది, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ముందు మా తప్పు చెప్పేస్తాను. ఆగస్టు నెలాఖరు నుంచి పెసరట్టు గరిటె మార్చాం. పాత గరిటెతో వేస్తే అట్టు పెనం అంచు దాకా వచ్చేది, కొత్తదానితో రెండు వేళ్ళు తగ్గుతుంది. ఈ ఏడాది కొబ్బరికాయ రేటు చూసి చట్నీలో కొబ్బరి సగం చేసి, వేయించిన శనగపప్పు ఎక్కువ వేశాం. రేటు మాత్రం అదే 50 రూపాయలు తీసుకున్నాం, ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే నడకకు వచ్చే మాస్టారు ఒకాయన ప్లేటు వంక చూసి "ఏటమ్మా, అట్టు చిన్నదైపోనాది?" అన్నారు. "లేదండీ మాస్టారూ, అదే గరిటె" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు, డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మాట ఇవాళ్టికీ గొంతులో అడ్డం పడినట్టే ఉంది. రేటు పెంచితే మీరు రారేమో అన్న భయంతో చేసిన పని అది, భయం నిజమే కానీ అబద్ధం ఆడటం తప్పు. మాస్టారూ, మీరు ఇది చదివితే, నన్ను క్షమించండి.

ఇప్పుడు అద్దె విషయం. 2019లో మేం షాపు తీసుకున్నప్పుడు నెలకు 9,000. ఆ డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, విశాఖ పరిపాలనా రాజధాని అన్నారు, సంక్రాంతి వెళ్ళేసరికి మా ఓనరు గారు 13,000 చేశారు. "రాజధాని వస్తోందమ్మా, ఇంకెక్కడా ఈ రేటుకు దొరకదు" అన్నారు. రెండు నెలలు తిరక్కుండా లాక్‌డౌన్ వచ్చింది. 2022 మార్చిలో హైకోర్టు అమరావతే రాజధాని అని తీర్పు ఇచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక ఆ ముచ్చటే ముగిసింది. పెరిగిన అద్దె మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. అప్పట్లో మేం అడగలేదు కూడా, అడగొచ్చన్న ఆలోచనే రాలేదు.

ఈ ఏడాది మళ్ళీ అదే మొదలైంది. ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండ మీద 21.16 ఎకరాలు 99 పైసలకు ఇస్తూ కేబినెట్ నిర్ణయం తీసుకుంది, 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం, 1,500 కోట్ల డాలర్లు, దానికి ఎంచుకున్న స్థలాల్లో ఒకటి మనకు దగ్గర్లోనే ఉన్న తర్లువాడ. ఆ వార్త వచ్చిన వారానికే ఓనరు గారు వచ్చి నెలకు 24,000, దాని మీద ఆరు నెలల అడ్వాన్స్ అన్నారు. ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు ఇది, ఆయన కూతురి పెళ్ళి ఉంది, పక్క షాపుకు అంతకన్నా ఎక్కువే ఇస్తున్నారు. కంపెనీలు రావద్దని కూడా నేను అనను. మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు, వాడికి ఈ ఊళ్ళోనే ఉద్యోగం దొరికితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ ఉద్యోగం రావడానికి మూడేళ్ళో నాలుగేళ్ళో పడుతుంది, అద్దె మాత్రం వార్త వచ్చిన వారానికే వచ్చేస్తుంది. ఈ మధ్యలో ఉన్న ఏళ్ళు మాలాంటి వాళ్ళు ఎలా గడపాలి అన్నది ఎవరూ మాట్లాడటం లేదు. ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చిన అందరూ మా షాపులో టీ తాగారు, వాళ్ళని అడగాల్సింది ఇదే అని నాకు ఇప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి, ఇది మా కౌంటర్ దగ్గర కూర్చుంటేనే కనిపిస్తుంది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యింది. మా దగ్గర పిండి రుబ్బే అక్క తగరపువలస నుంచి వస్తుంది, ఆవిడకు నెలకు దగ్గర దగ్గర వెయ్యి మిగులుతోంది, ఆ డబ్బుతో మనవరాలికి ట్యూషన్ పెట్టింది. అదే సమయంలో కార్ షెడ్ జంక్షన్ స్టాండు ఆటో అన్నలు, ఒకప్పుడు ఇడ్లీ తిన్నాక అట్టు చెప్పేవాళ్ళు, ఇప్పుడు ఒక ప్లేటు ఇడ్లీ తీసుకుని చట్నీ రెండుసార్లు వేయించుకుంటున్నారు. అక్టోబర్‌లో వాళ్ళకి ప్రభుత్వం ఏడాదికి 15,000 వేసింది, మంచిదే, కానీ అది నెలకు 1,250 అవుతుంది, ఒక టైరు మారిస్తే అయిపోతుంది. నేను బస్సు ఉండకూడదని అనడం లేదు. ఆడదానిగా ఆ బస్సు విలువ నాకు తెలుసు. ఆటో అన్నలకు ఇచ్చేది ఇంకా పెంచాలి అన్నది నా అభిప్రాయం. ఆ అన్నలు చట్నీ మూడోసారి అడిగినా వేస్తాం, అడగడానికి మొహమాటపడకండి.

చాలామంది అడుగుతున్నారు, అన్న క్యాంటీన్ వల్ల మీకు దెబ్బ కదా అని. లేదు. 5 రూపాయలకు టిఫిన్ తినాల్సిన పరిస్థితిలో ఉన్న మనిషి మా దగ్గర 30 పెట్టి తినలేక ఖాళీ కడుపుతో పనికి వెళ్ళేవాడు, ఇప్పుడు తిని వెళ్తున్నాడు, అంతే. 2019లో అవి మూసేసినప్పుడు మా షాపు ముందు నిలబడి రేట్ల బోర్డు చదివి వెళ్ళిపోయిన అడ్డా కూలీల ముఖాలు నాకు గుర్తున్నాయి. ప్రభుత్వాలు మారినా అవి మాత్రం మూయకూడదు.

నూనె, గ్యాస్ గురించి రెండు ముక్కలు. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిలు, సన్‌ఫ్లవర్ నూనెల దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, దసరా ముందు టిన్ను రేటు చూసి గుండె ఆగినంత పనైంది. ఈ ఏడాది మే నెలాఖరున 16.5కి దించారు, అయినా పాత రేటు మళ్ళీ కనిపించలేదు. మేం వాడేది 19 కిలోల నీలం సిలిండరే, దాని మీద జీఎస్టీ 18 శాతం, ఇంటి సిలిండర్ మీదైతే 5. ఇంటి సిలిండర్ పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. అది తప్పు, పైగా ఒక ఇంటికి చేరాల్సిన సిలిండర్, మేం పెట్టుకోం. పూరీ, గారెలు వేసిన నూనె మర్నాటికి వాడం, ఇది మొదటి రోజు నుంచి ఉన్న మాట, ఎప్పుడైనా లోపలికి వచ్చి మూకుడు చూడొచ్చు.

కొత్త చోటు అద్దె 12,000. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు కనిపించం కాబట్టి బేరం కొంత తగ్గుతుంది, ఆ టెన్షన్ ఉంది, దాచను. పాత గరిటె మళ్ళీ పెనం దగ్గరికి వచ్చేసింది, చట్నీలో కొబ్బరి కూడా. ఆ లెక్కన పెసరట్టు 60, ఉప్మా పెసరట్టు 75. మూడు ఇడ్లీల ప్లేటు 30 ఉండేది, ఇక 35. గారెలు, పూరీ ప్రస్తుతానికి పాత రేటే. ఇంటి నుంచి గిన్నె తెచ్చుకుంటే పార్సిల్‌కు 5 రూపాయలు తగ్గిస్తాం. డెలివరీ యాప్ నుంచి బయటికి వచ్చేశాం, వంద రూపాయల బిల్లులో వాళ్ళ కమిషన్, ఆఫర్లు పోను మాకు అరవై కూడా మిగలని రోజులు చూశాక ఇక మా వల్ల కాలేదు. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి చెబితే మా అబ్బాయి సైకిల్ మీద తెచ్చి ఇస్తాడు.

చోడి (రాగి) అంబలి గ్లాసు మాత్రం 20 రూపాయలే. ఇది వ్యాపారం లెక్క కాదు. మా అమ్మ రాత్రే చోడి పిండి నానబెట్టి, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి కాచి, చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకోవడానికి పెట్టి నాన్నను పనికి పంపేది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచేవాళ్ళకు హనుమంతవాక దగ్గర ప్రతి ఏడాదీ డ్రమ్ములతో పోస్తాం, అప్పుడు డబ్బు తీసుకోం. మిల్లెట్ అని పేరు పెట్టి గ్లాసు 80కి అమ్మమని ఒకాయన చెప్పారు. ఎండలో సిమెంటు మోసి వచ్చినవాడు తాగాల్సింది అది, 80 చేస్తే వాడు తాగలేడు.

ఇది మార్గశిర మాసం, మాసం అయ్యేదాకా గురువారాలు పొద్దున్నే అమ్మను బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్ళాలి, లైను ఎంతసేపో చెప్పలేం, అందుకని ఆ రోజుల్లో షాపు తొమ్మిదికి తెరుస్తాం. మిగతా రోజులు ఎప్పటిలాగే ఐదున్నరకు.

కొత్త చోటుకు దారి సులువే. పాత షాపు పక్క సందులోంచి లోపలికి వస్తే రెండో మలుపులో వేపచెట్టు, దాని ఎదురు నీలం గేటు. పాత షాపు షట్టర్ మీద బాణం గుర్తు వేసి ఉంచడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు. సోమవారం మొదటి పెనం పెసరట్లు మాస్టారి కోసం తీసి పెడతాను, డబ్బులు వద్దు. పాత గరిటె అట్టే అవునో కాదో ఆయనే చూసి చెప్పాలి.