స్పీడ్ బ్రేకర్ ఎత్తు చూసి కారు కొనుక్కోవాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందటి ఆదివారం మీ పత్రిక వాహనాల పేజీలో మిడ్‌సైజ్ ఎస్‌యూవీ (క్రెటా, సెల్టోస్ వంటి, కాస్త పెద్దగా, ఎత్తుగా ఉండే కారు) కొనవచ్చా, కొనకూడదా అన్న వ్యాసం చదివాను. ఆ రోజే రాద్దామనుకొని, కోపంలో రాసిన ఉత్తరం ఎవరికీ పనికిరాదని ఆగాను. పద్నాలుగు రోజులు గడిచినా కోపం తగ్గలేదు కనుక రాస్తున్నాను. అర పేజీ వ్యాసంలో సన్‌రూఫ్‌కు ఒక పేరా, డ్యాష్‌బోర్డు మీది తెరల కొలతలకు ఒక పేరా, సీట్లలోంచి వచ్చే చల్లగాలికి ఒక పేరా, రంగులకు మరో పేరా కేటాయించి, చివరికి 'మధ్యతరగతి కుటుంబం నిశ్చింతగా కొనదగిన వాహనం' అని తీర్పు చెప్పేశారు. కొనేవాడి చేతిలోంచి మొత్తం ఎంత పోతుందో, ఆ కారు ఎటువంటి రోడ్డు మీద తిరుగుతుందో, రాత్రికి ఎక్కడ నిలబడుతుందో చెప్పడానికి మాత్రం ఒక్క వాక్యమైనా మిగల్లేదు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి ఊరికే పుట్టలేదు. పదమూడేళ్లుగా నడుపుతున్న చిన్న కారును మార్చమని మా అబ్బాయి బెంగళూరు నుంచి వారం వారం ఫోన్ చేస్తున్నాడు. ఎత్తుగా ఉన్న బండి అయితే ఎక్కి దిగడానికి మోకాళ్లకు సుఖమని వాడి వాదన. అది నిజమేనని మూడు షోరూముల్లో ఎక్కి దిగి చూశాక నేనూ ఒప్పుకుంటున్నాను. పైగా కియా కంపెనీ సెల్టోస్ మన పెనుకొండలోనే తయారవుతుంది. 2019 ఆగస్టులో ఆ ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికి వచ్చినప్పుడు, కరవు సీమలో కార్లు పండుతున్నాయని సంతోషించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి నాకు ఈ కార్ల మీద ద్వేషం ఉందని దయచేసి అనుకోవద్దు.

ఇక లెక్కకు వస్తాను. ఎక్స్‌షోరూమ్ ధర, అంటే జీవితకాల పన్ను, బీమా కలపని ధర, 16 లక్షల రూపాయలు ఉన్న కారును తీసుకుందాం. అందులో 40 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది కనుక, కారు అసలు విలువ 11 లక్షల 43 వేలు, జీఎస్టీ 4 లక్షల 57 వేలు. నాకు చేతికిచ్చిన కొటేషన్‌లో రాష్ట్రానికి కట్టే జీవితకాల పన్ను 17 శాతం, అంటే 2 లక్షల 72 వేలు. ఈ 17 శాతాన్ని కారు విలువ మీద కాక, జీఎస్టీ కలిపిన ధర మీద వేస్తారు. అంటే పన్ను మీద కూడా పన్ను కడుతున్నామన్నమాట. రెండు పన్నులూ కలిపితే 7 లక్షల 29 వేలు. పదకొండున్నర లక్షలైనా లేని వస్తువుకు ఏడు లక్షలు దాటిన పన్ను. దీనికి మూడేళ్ల థర్డ్ పార్టీతో కూడిన బీమా ఒక 65 వేలు, ధర పది లక్షలు దాటింది కనుక ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) మరో 16 వేలు. టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి రాబట్టుకోవచ్చుననుకోండి, కానీ ఆ మాట నేను తిరిగిన మూడు షోరూముల్లోనూ ఎవరూ తమంతట తాము చెప్పలేదు. మొత్తం 19 లక్షల 53 వేలు. ఇందులో 13 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పుగా తీసుకుంటే నెల వాయిదా దాదాపు 20,900 రూపాయలు, ఏడేళ్లలో కట్టే వడ్డీ ఇంచుమించు జీఎస్టీకి కట్టినంత. మీ వ్యాసంలో మాత్రం 'ధర 11 లక్షల నుంచి ప్రారంభం' అని ఉంది. ఆ 11 లక్షల కారులో మీరు పేరాలు పేరాలు వర్ణించిన సన్‌రూఫ్ గానీ, చల్లగాలి సీట్లు గానీ ఉండవన్న సంగతి షోరూముకు వెళ్తే తప్ప తెలియదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గి కార్లు చవకయ్యాయని కూడా మీ వ్యాసకర్త పండగ చేసుకున్నారు. ఎవరికి ఎంత చవకయిందో చూడండి. నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది, అంటే ధరలో సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గుదల. పెద్ద ఇంజిన్ ఉన్న భారీ ఎస్‌యూవీల మీద 50 ఉన్నది 40 అయింది, ఆరున్నర శాతం పైగా తగ్గుదల. నాలుగు మీటర్లు దాటి, 1500 సీసీ లోపు ఇంజిన్‌తో ఉన్న మిడ్‌సైజ్ బండి మీద 45 ఉన్నది 40 అయింది, తగ్గుదల మూడున్నర శాతం కూడా లేదు. ఈ మూడింటిలో అన్నిటికంటే తక్కువ లాభం వచ్చింది సరిగ్గా మీరు 'ఇదే అదను' అని కొనమన్న తరగతికే.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. షోరూముల్లో కనిపించిన ఆరేడుగురు కొనుగోలుదారులను ఎస్‌యూవీ ఎందుకని అడిగాను. సన్‌రూఫ్ కోసమని ఒక్కరూ అనలేదు. 'మన రోడ్లకు ఇదైతేనే తట్టుకుంటుందండీ' అన్నదే అందరి జవాబు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు సివిల్ ఇంజినీరింగ్ చెప్పిన నాకు ఆ మాట వింటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో కొలతలతో సహా రాసిపెట్టింది. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. అలా కడితే ఏ చిన్న కారైనా అడుగు తగలకుండా వీపు మీద పిల్లవాణ్ణి మోసినంత మెత్తగా దాటిపోతుంది. మా ఇంటి నుంచి రైతుబజారుకు రెండున్నర కిలోమీటర్ల దూరంలో పద్నాలుగు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఒక ఉదయం టేపు పట్టుకొని బయలుదేరి, పాలవాళ్లూ వాకింగ్ వాళ్లూ వింతగా చూస్తుండగా అన్నిటినీ కొలిచాను. ఒక్కటి కూడా అడుగున్నర వెడల్పు దాటలేదు. అన్నిటికంటే ఎత్తైనది 18 సెంటీమీటర్లుంది. వాటి మీద తెల్ల చారలు లేవు, ముందు హెచ్చరిక బోర్డు లేదు. ఎవరి ఇంటి ముందు ఎవరు అడిగితే వారి కోసం మిగిలిన కంకరతో పోసిన దిమ్మెలవి.

మారుతి చిన్న కారు స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగు భాగానికీ మధ్య ఉండే ఎత్తు, 163 మిల్లీమీటర్లు, హ్యుందాయ్ ఎస్‌యూవీ క్రెటాది 190. ఆ 27 మిల్లీమీటర్ల తేడా కోసం మధ్యతరగతి వాడు ఏడెనిమిది లక్షలు అదనంగా పోస్తున్నాడు. మన ప్రభుత్వాల దృష్టిలో ఆ ఎత్తు విలాసం. 2023 జులైలో జీఎస్టీ మండలి ఎస్‌యూవీకి నిర్వచనం ఖాయం చేస్తూ, నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజిన్‌తోపాటు, ఖాళీ బండికి కనీసం 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌ను కూడా లెక్కలోకి తీసుకొని 22 శాతం సెస్సు అన్నది. 1497 సీసీ ఇంజిన్లున్న బండ్లు మూడు సీసీల తేడాతో బతికిపోయి 17 శాతంతో బయటపడ్డాయి. ఢిల్లీలో కూర్చున్నవారికి 170 మిల్లీమీటర్ల ఎత్తు శ్రీమంతుల సరదాగా కనిపించింది గానీ, మా వీధిలో అది చాలని ఎత్తు.

రోడ్డు బాగుండాలని మనం కట్టని పన్ను లేదు. జీవితకాల పన్ను ఒకేసారి కడతాం. పెట్రోలు మీద రాష్ట్ర ప్రభుత్వం 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, చాలదన్నట్టు 2020లో రోడ్ల అభివృద్ధి పేరుతోనే లీటరుకు మరో రూపాయి సెస్సు వేసింది. జాతీయ రహదారి ఎక్కితే టోలు సరేసరి. ఇన్ని కట్టి, ఆ రోడ్డు దెబ్బలకు తట్టుకోవడానికి ఎత్తు బండి కొని, ఆ బండి మీద మళ్లీ పన్ను కడుతున్నాం. కారు జీవితకాలానికి సరిపడా పన్ను కట్టించుకున్నవారు, తాము వేసిన రోడ్డుకు కనీసం రెండు వానాకాలాల జీవితమైనా ప్రసాదించలేకపోతున్నారు.

నిలిపే చోటు సంగతి కూడా మీ వ్యాసానికి పట్టలేదు. మా అపార్ట్‌మెంటు మారుతి 800 రాజ్యమేలిన రోజుల్లో కట్టినది. ఆ కారు వెడల్పు 1.44 మీటర్లు. నాకిచ్చిన స్థలంలో రెండు స్తంభాల మధ్య దూరం 2.3 మీటర్లు. అద్దాలు కలపకుండానే 1.79 మీటర్ల వెడల్పున్న కారును అందులో పెడితే అటూ ఇటూ పాతిక సెంటీమీటర్లు మిగులుతాయి. అందులోంచి బయటికి రావాలంటే ఊపిరి బిగబట్టి పక్కకు జారాలి. మోకాళ్ల సుఖం కోసం కొన్న కారు నడుముకు పని పెడుతుందన్నమాట.

సన్‌రూఫ్ గురించి ఎక్కువ రాయను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే ప్రాంతంలో నడినెత్తిన గాజుపలక ఎవరికి కావాలో నాకు అర్థం కాలేదు. పెళ్లి ఊరేగింపుల్లో పిల్లల్ని అందులోంచి నిలబెట్టి ఊపడం తప్ప దానికి వేరే ఉపయోగం నేను చూడలేదు. ఆ పిల్లల ప్రాణాల గురించి అయినా ఒక మాట రాసి ఉండవలసింది. భద్రతకు మీరిచ్చింది 'ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి' అన్న మూడు మాటలు. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు నుంచి జరుగుతున్నాయి, అవి కంపెనీల ఇష్టాన్ని బట్టి జరిగేవే గానీ తప్పనిసరి కావు. ఏ బండి ఆ పరీక్షకు వెళ్లింది, ఏది వెళ్లలేదు అన్నది పాఠకుడికి తెలియాల్సిన మొదటి విషయం. 2022లో అలాంటివే అయిన గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగన్‌లకు అయిదు నక్షత్రాలు వచ్చాయి, అదే ఏడాది అప్పటి క్రెటాకు మూడే వచ్చాయి. అమ్మకాల్లో ఎవరు ముందున్నారో వీధిలో నిలబడి లెక్కపెట్టినా తెలుస్తుంది. కొనేవారికి ఈ తేడా తెలియని లోటుకు పత్రికలు కూడా బాధ్యులు కారా? మైలేజీ అంకెలు కూడా కంపెనీ కాగితంలో ఉన్నవి ఉన్నట్టు దించారు. ప్రయోగశాలలో ఏసీ ఆపి తీసిన లెక్కతో మే నెల ట్రాఫిక్‌లో ఎవరు నడుపుతారు?

మీరు ప్రస్తావించని ఇంకొక లెక్కతో ముగిస్తాను. నేను ఏడాదికి తిరిగేది ఆరు వేల కిలోమీటర్లు. పదేళ్ల తర్వాత కారుకు అయిదు లక్షలు వస్తాయనుకున్నా, వడ్డీ, పెట్రోలు, సర్వీసింగు కలపకుండానే కిలోమీటరుకు 24 రూపాయలు పడుతుంది. మా ఊళ్లో డ్రైవరుతో సహా అద్దె కారు కిలోమీటరుకు 15 రూపాయలకే వస్తుంది. నెలకు రెండు మూడుసార్లు అయిదుగురితో దూర ప్రయాణాలు చేసే కుటుంబానికి లెక్క వేరుగా ఉండవచ్చు, వారికి ఈ బండ్లు మంచివే కావచ్చు. ఆ తేడా చెప్పడానికే కదా వ్యాసం రాసేది! ఇకముందు ఇలాంటివి వేసేటప్పుడు మన రాష్ట్రంలో ఆన్‌రోడ్ ధర (పన్నులు, బీమా అన్నీ కలిపినది), భద్రతా పరీక్ష ఫలితం, కారు వెడల్పు ఒక చిన్న పెట్టెలో వేయవలసిందిగా కోరుతున్నాను. రంగుల పేరాను తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది.

మా అబ్బాయికి ఇంకా జవాబు చెప్పలేదు. ఎత్తు బండి కొందామనే ఒక దశలో మనసు మొగ్గింది. అయితే మొన్న మా వీధి చివర ఆ 18 సెంటీమీటర్ల దిమ్మె మీద, పాతది అరిగిందని చెప్పి, మళ్లీ తారు పోశారు. నిన్న టేపు పెట్టి చూస్తే 21 సెంటీమీటర్లు ఉంది.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా.